చెప్పి పోయిన తెల్లవ్వ

తెల్లవ్వ చనిపోయిందని ఆమె కొడుకు డెన్మార్క్ నుంచి మెసేజీ పెట్టే వేళకు నేను పొయ్యి దగ్గర సంగటి గెలుకుతున్నాను. రాగిపిండి పోశాక చేయి ఆపకూడదు, ఆపితే ఉండలు కడుతుంది. నేను ఆపేశాను. ఆ మధ్యాహ్నం సంగటి నిండా ఉండలే. మావారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఏదో అనబోయి, నా కళ్ళు చూసి, అనకుండానే మింగేశారు.

మా అత్త అప్పుడే తోటలోంచి మల్బరీ ఆకు మోపు తెచ్చి వాకిట్లో దించుతోంది. విషయం చెప్పగానే ఆ మోపు మీదనే కూలబడింది. "అయ్యో నా తల్లీ! దినామూ వాకిలి తగిలి నెత్తి బొప్పి కట్టించుకుంటా ఉన్నింది కదమ్మా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, అదే గొంతుతో, "పాపకి చెప్పొద్దు. రేపు లెక్కల పరీక్ష ఉండాది. పరీక్షలన్నీ అయిపోనీ, ఇంగ మెల్లగా చెప్తాం" అంది.

పాప అంటే భవ్య, మా ఆడబిడ్డ కూతురు. మా దగ్గరే పెరిగింది. ఇప్పుడు పదో తరగతి పరీక్షలు రాస్తోంది. ఆ పూట లెక్కలు చేసుకుంటానని బూదికోటలో స్నేహితురాలి ఇంటికి పోయింది, సాయంత్రం కాఫీ వేళకు వస్తుంది. అది ఆదివారం. ఆదివారం కాఫీ వేళకు తెల్లవ్వ ఫోను చేసేది. ఈమధ్య కొన్ని వారాలుగా ఫోను రావడం లేదు. అయినా భవ్య ఆ వేళకు ఫోను తెచ్చి ముందు పెట్టుకుని కూర్చోవడం మానలేదు.

ఇంకెవరు పోయినా నేను మా అత్త మాటే సరి అనేదాన్ని. పరీక్షల ముందు పిల్లకు చావు కబురు చెప్పే బుద్ధి ఎవరికుంటుంది? బళ్ళో పాఠం చెప్పేదాన్ని, లెక్కల పరీక్ష సంగతి నాకు తెలియనిది కాదు. కానీ పోయింది తెల్లవ్వ. దాచాల్సింది భవ్య దగ్గర. ఆ రెండూ ఒకచోట చేరాక నాకు ఏం చేయాలో తోచలేదు.

తెల్లవ్వ అసలు పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు పలకడం రాదు, మాకూ రాలేదు. బెంగళూరులోని ఒక ట్రస్టు వాళ్ళు ఆమెను ఒక ఏడాదికి మా ఊరి ప్రాథమిక పాఠశాలకు పంపారు. పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పాలి, ఆటలాడించాలి, అదీ పని. మా ఇంటి ముందుగదికి బాత్‌రూమ్ ఉంది కాబట్టి బస మాకు తగిలింది. తెల్లజుట్టు, తెల్ల ఒళ్ళు, అరవై దాటిన వయసు. మొదటిరోజే పిల్లలు తెల్లవ్వ అన్నారు, అదే స్థిరపడిపోయింది. పోను పోను పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా వెంటనే పలికేది కాదు.

మనిషి చాలా పొడుగు. మా వాకిలి పాతకాలంది, పొట్టిది. రోజూ పొద్దున బయటికి వస్తూ తల కొట్టుకునేది. కొట్టుకున్న ప్రతిసారీ వాకిలి వైపు తిరిగి "సారీ" అనేది. వాకిలికి సారీ ఎందుకమ్మా అని అడిగితే, "అది కదల్లేదు. నేను కదిలాను" అంది ఇంగ్లీషులో. మా అత్త చూసి చూసి, పైకమ్మికి ఒక ఎర్రగుడ్డ వేలాడగట్టింది. మర్నాడు తెల్లవ్వ ఆ గుడ్డను చూసి, ఎంత బాగుందని మెచ్చుకుంటూనే వచ్చి మళ్ళీ కొట్టుకుంది.

సంగటి మేము నమలము. చారులో ముంచి మింగుతాము. తెల్లవ్వ నమిలేది. ఎంత చెప్పినా ముద్దను శ్రద్ధగా, ఓపికగా, దవడలు నొప్పి పుట్టేదాకా నమిలేది. అది చూడడానికి వీధిలో పిల్లలు మా అరుగు మీద బారులు తీరేవాళ్ళు. మా అత్తకు అది చూస్తే ఒళ్ళు మండేది. "నమలొద్దు తల్లీ, మింగు, మింగు" అని తన గొంతు తడిమి చూపించేది. తెల్లవ్వ నోటినిండా సంగటితో తల ఊపి, మళ్ళీ నమిలేది. పళ్ళుండగా ఎందుకు మింగాలి అని ఆమె పట్టు.

తెలుగు కూడా మా అత్త దగ్గరే నేర్చుకుంది. మా అత్త మాట్లాడేది ఎక్కువగా ఆవుతోనూ పట్టుపురుగులతోనూ. అందువల్ల తెల్లవ్వకు మొదట వచ్చిన తెలుగు ముక్కలు "జరుగు", "తిను", "అరవొద్దు", "యాడికి పోతాండావు". బడి చూడడానికి ఒకసారి విద్యాశాఖ అధికారి వచ్చాడు. పిల్లలు బొమ్మలు వేస్తుంటే వెలుతురుకు అడ్డంగా నిలబడ్డాడు. తెల్లవ్వ ఆయన మోచేయి పట్టుకుని ప్రేమగా, "జరుగప్పా, అడ్డం నిలబడొద్దు" అంది. మా హెడ్మాస్టరు మొహం చూడాలి ఆ క్షణం. అధికారి మాత్రం పగలబడి నవ్వాడు, మా అమ్మ ఇట్లనే అంటాది అన్నాడు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. ఆమెతో అసలు ఇబ్బంది వేరే. ఆమెకు అబద్ధం ఆడడం రాదు. పెద్ద అబద్ధాలు చాలామంది ఆడరు, అందులో గొప్పేమీ లేదు. మనం అబద్ధమని కూడా అనుకోనివి కొన్ని ఉంటాయి చూడండి, అవి రావు ఆమెకు. పక్కింటావిడ కాఫీ ఇచ్చి "బాగుండాదా?" అంటే, "లేదు. చక్కెర శానా ఉండాది" అనేది. పెళ్ళికి పిలిస్తే మేమందరం "తప్పకుండా వస్తాము" అంటాము, వెళ్ళేది వెళ్ళనిది తరవాతి మాట. తెల్లవ్వ పత్రిక రెండు చేతులతో అందుకుని, "రాను. ఆ దినం బడి ఉండాది. నువ్వు సుఖంగా ఉండు" అనేది. శుభమా అని పిలవడానికి వచ్చిన వాళ్ళు ఆ మాట విని మా అత్త వైపు చూసేవాళ్ళు. మా అత్త గబగబా, "దానికి మన మాట సరిగ్గా రాదులే, వస్తాదంట" అని సర్దేది. మా అత్త సర్దుతున్న సంగతి తెలిసి తెల్లవ్వ మళ్ళీ, "లేదు, రాను" అనేది.

పిల్లలకు మాత్రం అది నచ్చింది. బొమ్మ వేసి చూపిస్తే నేను అలవాటుగా "వెరీ గుడ్" అని పక్కకు పెట్టేదాన్ని. తెల్లవ్వ దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఆవుకి కాళ్ళు ఐదుండాయి. ఎందుకు?" అని నిజంగానే తెలుసుకోవాలని అడిగేది. పిల్లలు కారణం చెప్పేవాళ్ళు. ఒకడు ఐదోది తోక అన్నాడు, ఇంకొకతె కడుపులో దూడది అంది. ఆమె బాగుంది అంటే ఇంక బాగున్నట్టే. పిల్లలు నా వెరీ గుడ్డుకు విలువ ఇవ్వడం మానేశారు. నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

ఇక భవ్య సంగతి. అప్పుడు అది ఒకటో తరగతి. దాని అమ్మా నాన్నా బెంగళూరు దారిలో నరసాపురం దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి కుదిరారు. అక్కడ ఒక్క గది అద్దెకు తీసుకున్నారు, ఒకరు పగలు పోతే ఒకరు రాత్రి పోతారు. అందులో పిల్లను పెట్టుకుని ఎట్లా? మా దగ్గర వదిలారు. మా ఆడబిడ్డ సెలవున్న ఆదివారం పొద్దున వచ్చి, సాయంత్రం బంగారుపేట బస్సుకు వెళ్ళిపోయేది.

వెళ్ళేటప్పుడు పిల్లకు చెప్పి వెళ్ళడం మా వైపు అలవాటు లేదు. చెబితే ఏడుస్తుంది, కాళ్ళు చుట్టేస్తుంది, బయల్దేరే వేళకు ఏడుపు అశుభం కూడాను. అందుకని ఎవరో ఒకరు పిల్లను మళ్ళిస్తారు, తల్లి కన్నుగప్పి వెళ్ళిపోతుంది. మా ఇంట్లో ఆ పని మా అత్తది. "రా పాపా, పురుగులకి ఆకు వేస్తాము రా" అని భవ్యను వెనక ఉన్న పురుగుల ఇంట్లోకి పిలుచుకుపోయేది. పిల్ల చిన్న చేతులతో ఆకు పరుస్తూ, పురుగులు ఆకు కొరికే చప్పుడు వింటూ ఉండిపోయేది. వీధిలో బస్సు హారను ఆ తలుపుల వెనక్కి వినబడదు.

బయటికి వచ్చాక భవ్య వెతికేది. తలుపు వెనక, మంచం కింద, నీళ్ళగదిలో. పిలిచేది కాదు, ఏడ్చేది కూడా కాదు. వెతకడం అయిపోయాక వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకునేది. నేను బడికి పోయినా, బావి దగ్గరికి పోయినా ఆ పట్టు వదిలేది కాదు. కొన్నాళ్ళకు దానికి ఒక ఉపాయం తోచింది. ఆదివారం వాళ్ళమ్మ రాగానే చెప్పులు దాచేసేది. ఒకసారి ఆకు బుట్టలో, ఒకసారి రాగుల డ్రమ్ములో. వాళ్ళమ్మ బస్సు వేళకు వెతికి వెతికి, నా చెప్పులు వేసుకుని పోయేది. ఆ ఏడాది నా చెప్పులు చాలానే నరసాపురం చేరాయి. మేము దాన్నొక ముచ్చటగా చెప్పుకుని నవ్వేవాళ్ళం.

తెల్లవ్వ నవ్వలేదు. ఒక ఆదివారం భవ్య మంచం కింద వెతుకుతుంటే చూసి, నన్నూ మా అత్తనూ వంటింట్లోకి పిలిచింది. "దానికి ఎందుకు చెప్పరు?" అని అడిగింది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. మధ్యలో అనువాదం నేను.

"చెప్తే ఏడుస్తాదమ్మా" అంది మా అత్త, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

"ఏడ్చనీ."

"ఏడ్చనీ అంటాదే ఈ యమ్మ! పసిబిడ్డ ఏడుస్తా ఉంటే తల్లి బస్సు ఎట్ల ఎక్కుతాది?"

తెల్లవ్వ మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "అమ్మ ఉన్నప్పుడు ఏడిస్తే, అమ్మ కండ్లు తుడుస్తాది. అమ్మ పోయినాక ఏడుపు వస్తే ఎవరు తుడుస్తారు? అది ఏడ్చడంలేదు చూడు. అందుకే ఏడ్చడంలేదు." తను పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేసిందని, సూది గుచ్చే ముందు నొప్పి ఉంటుందనే చెప్పేవాళ్ళమని, చెప్పకుండా గుచ్చితే ఆ పిల్ల ఆ తరవాత నీళ్ళ గ్లాసు ఇచ్చినా భయపడుతుందని ఇంగ్లీషులో అంది. నేను అనువదించాను. మా అత్త పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. తరవాత, "దానికి బిడ్డలుండారో లేదో అడుగు" అంది నాతో. ఒక కొడుకు ఉన్నాడని చెప్పాను. "అయితే తెలిసే చెప్తాండాదిలే" అని లేచి పోయింది.

మీరు అనుకునేటట్టు అక్కడితో అంతా మారిపోలేదు. తరవాతి ఆదివారం తెల్లవ్వ మాట మీద మా ఆడబిడ్డ పిల్లకు చెప్పింది. భవ్య ఊరంతా వినబడేటట్టు ఏడ్చింది. తల్లి బస్సెక్కింది, ఎక్కినది ఊరి చివర దిగిపోయి, పొలాల మీదుగా పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చింది. ఆ రోజు షిఫ్టు పోయింది, పై అధికారి నానా మాటలు అన్నాడు. మా అత్తకు తన కూతురి కన్నీళ్ళు కూడా కన్నీళ్ళే కదా. "చాలు తల్లీ నీ సత్యం, నా బిడ్డ పని పోతాది" అంది తెల్లవ్వతో. తెల్లవ్వ వాదించలేదు. మళ్ళీ వారం నుంచి మామూలే. పురుగుల ఇల్లు, ఆకు, దాచిన చెప్పులు.

ఏడాది గడిచింది. తెల్లవ్వ వెళ్ళే వారం వచ్చింది. సోమవారమే బళ్ళో పిల్లలందరినీ కూర్చోబెట్టి, శనివారం వెళ్ళిపోతున్నానని చెప్పేసింది. శుక్రవారం వేపచెట్టు కింద చిన్న స్టూలు వేసుకుని, ఒక్కొక్కరినీ పిలిచి రెండు చేతులూ పట్టుకుని వీడ్కోలు చెప్పింది. నీ పాట నాకు ఇష్టం, నువ్వు కొట్టడం నాకు ఇష్టం లేదు, నేను పోతాండా. ఇంతే. పిల్లలు ఏడ్చారు, ముక్కులు చీదారు, తరవాత ఆమె తెచ్చిన కమ్మర్‌కట్లు తిన్నారు. భవ్య మాత్రం ఆ రోజు బడికి రానని మొండికేసింది.

శనివారం పొద్దున మా అత్త తన ఏర్పాట్లు తను చేసింది. నాతో చెప్పలేదు, చెబితే ఇంగ్లీషులో ఊదేస్తానని. కారును మా వాకిట్లోకి రానీయకుండా ఊరి బయట కళ్ళం దగ్గరే ఆపించింది. తెల్లవ్వ స్నానానికి పోయినప్పుడు పెట్టె మోయించి కార్లో పెట్టించింది. "రా పాపా, ఆకు వేస్తాము రా" అని భవ్యను పురుగుల ఇంట్లోకి తీసుకుపోయి తలుపు వేసుకుంది. నేను చెప్పేదేమంటే, అందులో ఒక్క రవ్వ చెడ్డతనం లేదు. పిల్లకు నొప్పి తగలకూడదు, వెళ్ళే మనిషికి మనసు బరువెక్కకూడదు, అంతే ఆమె ఆలోచన. అతిథిని దొంగను సాగనంపినట్టు సాగనంపుతున్నానని ఆమెకు తోచనే లేదు.

తెల్లవ్వ తయారై వచ్చి పెట్టె కోసం చూసింది. "పెట్టె యాడ?" కారులో ఉందన్నారు మావారు. "కారు యాడ?" చెప్పారు. "భవ్య యాడ?" ఆయన నేల చూశారు. తెల్లవ్వకు అర్థమైంది. మొహం ఎర్రబడింది. ఆ ఏడాది మొత్తంలో ఆమెకు కోపం రావడం నేను చూసింది అప్పుడే. వంగి వాకిలి దాటి, ఇంటి చుట్టూ తిరిగి, పెద్ద పెద్ద అంగలతో పురుగుల ఇంటి వైపు నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను.

తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. ప్రయాణమని దోమల క్రీము రాసుకుంది, సెంటు కొట్టుకుంది. పురుగుల ఇంట్లోకి ఏ వాసనా పోకూడదు. ఊదొత్తి పొగ తగిలినా మేత మానేస్తాయి, దోమల మందు తగిలితే చచ్చిపోతాయి. ఏడాదిపాటు సున్నపు నీళ్ళలో కాళ్ళు కడుక్కుని లోపలికి పోయిన మనిషి, ఆమెకు ఆ సంగతి బాగా తెలుసు. చేతులు వాసన చూసుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, అక్కడ ఉన్న బండ మీద కూర్చుంది.

"భవ్యా" అని పిలిచింది. "నేను తెల్లవ్వ. నేను పోతాండా. నీకు చెప్పాల. బయటికి రా."

లోపల చప్పుడు లేదు. మా అత్త తలుపు సందులోంచి తల బయటపెట్టి, రెండు చేతులూ జోడించి, వెళ్ళు తల్లీ వెళ్ళు అని సైగ చేసింది. తెల్లవ్వ తల అడ్డంగా ఊపింది. అరగంట అక్కడే కూర్చుంది. కళ్ళం దగ్గర కారు హారను కొడుతూనే ఉంది. చివరికి డ్రైవరే వెతుక్కుంటూ వచ్చాడు. "అమ్మా, విమానం పోతాది, దేవనహళ్ళి యాడ, మనం యాడ!" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. తెల్లవ్వ అతని వైపు తిరిగి, ఆవుతో అన్నంత నిదానంగా, "అరవొద్దు" అంది.

భవ్య వచ్చింది. చేతిలో సగం పరిచిన ఆకు కట్ట అట్లాగే ఉంది. దూరంగా నిలబడింది. "మళ్ళా ఎప్పుడొస్తావు?" అంది.

తలుపు దగ్గర మా అత్త, పక్కన నేను, వెనక డ్రైవరు. మేము ముగ్గురం ఒకటే కోరుకున్నాం, ఈ ఒక్కసారికి ఆ మాట అనేయమని. వచ్చే ఏడు వస్తానంటే ఆమె సొమ్మేం పోతుంది? పిల్ల నాలుగు రోజులు ఎదురుచూసి మరిచిపోతుంది. అందరమూ అట్లాగే పెరిగాం.

"రాను" అంది తెల్లవ్వ. "నా ఊరు శానా దూరం. నేను ముసిలిదాన్ని. రాను."

భవ్య ఆకు కట్ట విసిరేసి మీదికి ఉరికింది. రెండు పిడికిళ్ళతో ఆమె మోకాళ్ళ మీద కొట్టింది, చేతుల మీద కొట్టింది, గొంతు పగిలేటట్టు ఏడ్చింది. తెల్లవ్వ దెబ్బలు తప్పించుకోలేదు. తను కూడా ఏడుస్తూనే, ఒక చేత్తో పిల్ల ముక్కు తుడుస్తూ ఉంది. తుడిచే కొద్దీ కారుతూ ఉంది, మళ్ళీ తుడుస్తూ ఉంది. నాకు అది చూడడం కష్టమైంది. మా అత్త తలుపు వదిలి బయటికి వచ్చేసింది, పురుగుల సంగతే మరిచిపోయి.

ఏడుపు కాస్త తగ్గాక తెల్లవ్వ చెప్పింది. "ఆదివారం ఫోను చేస్తా. అది నిజం."

భవ్య కళ్ళం దాకా చేయి పట్టుకుని వెళ్ళింది. కారు తలుపు తనే వేస్తానంది. సరిగ్గా పడలేదు, మళ్ళీ తీసి గట్టిగా వేసింది. కారు మలుపు తిరిగేదాకా నిలబడి చూసింది. ఇంటికి వచ్చాక ముందుగదిలోకి పోయి, ఖాళీ మంచం మీద కాసేపు కూర్చుని, ఆకలేస్తోంది అత్తా అంది. ఆ సాయంత్రం అది తలుపు వెనక వెతకలేదు, మంచం కింద వెతకలేదు. నా కుచ్చిళ్ళు కూడా పట్టుకోలేదు.

మరుసటి ఆదివారం వాళ్ళమ్మ వచ్చినప్పుడు తనే ముందు అడిగింది. "సాయంత్రం పోతావు కదా. మళ్ళా ఎప్పుడొస్తావు? నిజం చెప్పు." మా ఆడబిడ్డ తత్తరపడి మా అత్త వైపు చూసింది. మా అత్త పొయ్యి ఊదుకుంది. "వచ్చేవారం షిఫ్టు ఉండాది పాపా. ఆ మీది వారం వస్తా" అంది తల్లి. భవ్య ఏడ్చింది, బస్సు దాకా వచ్చి ఏడ్చింది, తల్లి కళ్ళు తుడిచి బస్సెక్కింది. ఈసారి దిగలేదు. ఆ తరవాత చెప్పులు ఎక్కడ విప్పినవి అక్కడే ఉండేవి.

తెల్లవ్వ రానన్నట్టే రాలేదు. ఫోను చేస్తానన్నట్టే చేసింది, ఇన్నేళ్ళూ. ఫోన్లో ఎక్కువ మాట్లాడేది కాదు, మొదటి ప్రశ్న ఎప్పుడూ, "ఏమి తిన్నావు?" భవ్య పెద్దదై, ఇంగ్లీషు బాగా వచ్చాక కూడా ఇద్దరూ మా అత్త తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళు. ఈ మధ్య ఒళ్ళు బాగోలేదని ఆమే చెప్పింది. ఎంత బాగోలేదో కూడా భవ్యకు చెప్పే ఉంటుంది. నేను అడగలేదు.

ఇంతా తెలిసి, ఆ ఆదివారం మధ్యాహ్నమంతా నేను చెప్పాలా వద్దా అని గదికీ వాకిలికీ తిరిగాను. లెక్కల్లో తప్పితే పిల్ల భవిష్యత్తు ఏం కాను? చెప్పకపోతే ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటుంది, ఆ కూర్చోవడం నేను చూస్తూ ఎట్లా ఉండను? చెప్పేద్దామని తీర్మానించుకునే వేళకు గేటు చప్పుడైంది. భవ్య సంచి అరుగు మీద పడేసి, కాళ్ళు కడుక్కుని, నేరుగా ఫోను కోసం నా దగ్గరికి వచ్చింది.

నేను నోరు తెరిచేలోగా మా అత్త ఎదురొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి, గొంతు మాత్రం చక్కగా సవరించుకుంది. "వచ్చినావా పాపా? రా, పురుగులకి ఆకు వేస్తాము రా" అంది.

భవ్య ఆగిపోయింది. పదో తరగతికి వచ్చాక పిల్ల పురుగుల ఇంటి వైపు పోయి ఎన్నాళ్ళయిందో. పరీక్ష ముందు రోజు ఆకు పనికి పిలిచే మనిషి కాదు మా అత్త. భవ్య ఆమె మొహం చూసింది, నా చేతిలోని ఫోను చూసింది, మళ్ళీ ఆమె మొహం చూసింది.

"ఎవరు పోయినారవ్వా?" అంది.

మా అత్త పెదవులు కదిలాయి. ఆమె ఏదో ఒకటి అల్లి చెబుతుందనుకున్నాను, ఆ విద్యలో ఆమెకు సాటి లేరు. చేతిలోని ఆకు బుట్ట కింద పెట్టింది. ముందుకు వచ్చి, తనకంటే పొడుగు పెరిగిన మనవరాలి రెండు చేతులూ పట్టుకుంది.

"తెల్లవ్వ సచ్చిపోయింది పాపా. ఆ యమ్మ కొడుకు చెప్పినాడు. నిజం."

భవ్య అక్కడే నేల మీద కూర్చుండిపోయి, చిన్నప్పటి గొంతుతో ఏడ్చింది. మా అత్త మోకాళ్ళు పట్టేసినా కష్టపడి పక్కనే చతికిలబడి, దాని తల ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో ముక్కు తుడిచింది. మళ్ళీ తుడిచింది.

"ఏడ్చు పాపా, ఏడ్చు. నేను ఈడనే ఉండాను."